హైమ పేరున ప్రమీల చెయ్యి

నేను ఒక బీపీ మిషన్‌ను. గాజు గొట్టంలో పాదరసం, గుడ్డ పట్టీ, రబ్బరు బంతి, ఒక ఇనుప పెట్టె. ఇదే నా ఒళ్లు. కర్మాగారంలో నన్ను బిగించినవాళ్లు రక్తపోటు కొలవమన్నారు. నేను బతుకంతా భయాన్నే కొలిచాను. ముందు ఒక పల్లె ఆసుపత్రిలో ఉన్నాను. అక్కడ పట్టీ చుడుతుంటే దేవుణ్ని తలుచుకునేవారు. తర్వాత ఒక విశ్వవిద్యాలయం డిస్పెన్సరీకి వచ్చాను. ఇక్కడివాళ్లు రిజిస్ట్రారును తలుచుకుంటారు.

ఆ ఏడు సిబ్బందికి ఆరోగ్య వారోత్సవం పెట్టారు. పరీక్షల విభాగం వరండాలో నన్ను బల్ల మీద ఉంచారు. అప్పటికే టీ కొట్టు దగ్గర ఒక మాట పుట్టింది. బీపీ ఎక్కువున్న కాంట్రాక్టు వాళ్లకు ఈసారి పొడిగింపు ఉండదట. ఎవరన్నారో తెలియదు. అందరూ నమ్మారు.

అక్కడ కాంట్రాక్టు మీద టైపు చేసే హైమ మరీ నమ్మింది. కొన్నాళ్లుగా ఆమెకు తల పగిలిపోయే నొప్పి. అక్షరాలు రెండుగా కనిపిస్తున్నాయి. భర్త మంచాన పడ్డాక ఇల్లు ఆమె జీతంతోనే నడుస్తోంది.

ఆ విభాగంలో ఒక అలవాటుంది. ఆలస్యమైనవాళ్ల సంతకం పక్కసీటు వాళ్లు పెట్టేస్తారు. హైమ సంతకం ఎప్పుడూ ప్రమీలే పెడుతుంది. ఆ ధైర్యంతోనే హైమకు బదులు ప్రమీల వచ్చి నా ముందు కూర్చుంది. డిస్పెన్సరీ నుంచి వచ్చిన దానమ్మ సిస్టరుకు వీళ్ల మొహాలు తెలియవు.

"పేరేటమ్మా?"

"హైమ."

ప్రమీల ఆరోగ్యంగానే ఉంది. కానీ హాజరు పుస్తకంలో అబద్ధం వేరు, ఒంటికి పట్టీ కట్టించుకుని చెప్పే అబద్ధం వేరు. ఆమె గుండె దడదడలాడింది. పాదరసం దిగడం మొదలవగానే నాడి చప్పుడు మోగింది.

"ఇంతున్నదేటి హైమా? ఇది పైకి రాయాల," అంది సిస్టర్.

ప్రమీల ముఖం పాలిపోయింది. వెనక్కి చూసింది. తలుపు దగ్గర హైమ గోడను పట్టుకుని నిలబడి ఉంది.

"నేను హైమని కాదండి. ఆవిడ."

"ఇదేటి, హాజరేసుకోడం అనుకున్నారేటే?" అంది సిస్టర్. వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. "నువ్విలా రా తల్లీ."

హైమ కూర్చుంది. ఎన్నో చేతులను చుట్టాను గాని అంత చల్లని చెయ్యి చూడలేదు. ఈసారి పాదరసం గొట్టం కొసన ఉండగానే నాడి మోగింది. నాకే భయం వేసింది. సిస్టరు కాసేపాగి మళ్లీ చూసింది. అదే అంకె. నవ్వులు ఆగిపోయాయి.

"ఇది రాయకండి సిస్టర్. నా ఉద్యోగం..."

"ఉజ్జోగం పోతే ఇంకోటి సూసుకుందువు గాని. ముందు మనిషుండాల గదా. జీపు పిలవండయ్యా."

జీపు ఎక్కుతూ కూడా ఆమె పొడిగింపు గురించే అడిగింది. జీపు కదిలాక వరసలోవాళ్లు మడిచిన చొక్కా చేతులు దించుకుని, ఒకరి వెనక ఒకరు సీట్లకు వెళ్లిపోయారు.

మధ్యాహ్నం పెద్దాసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఇంకాస్త ఆలస్యమైతే మెదడులో నరం చిట్లిపోయేదట. గండం గడిచింది. సిస్టరు ఆ మాట గట్టిగానే చెప్పింది. వినడానికి వరండాలో ప్రమీల ఒక్కతే ఉంది.

ఆమె వచ్చి కూర్చుని చెయ్యి చాపింది. 

"మళ్లీ చూడండి సిస్టర్. నా పేరు ప్రమీల."