మా ఆయన చెవుల మెడికల్

మగ్గం ఉన్న ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడరు. ఆ టకటకల మీదుగా మాట వినపడాలంటే గొంతు పెంచాల్సిందే. ధర్మవరంలో మా వీధి వీధంతా అంతే, అందులోనూ నా గొంతుకు ఒక పేరుంది. "చౌడేశ్వరి తలుపు తీయమంటే పక్కింటోళ్ళు లేచి తీస్తారు" అనేది మా అత్త బతికున్నప్పుడు. నేనేమీ నొచ్చుకునేదాన్ని కాదు.

కొన్నేళ్ళ కిందట మా ఆయన తన చెవుల్లో మోత సంగతి నాకు ఒకే ఒక్కసారి చెప్పాడు. "రెండు చెవుల్లోనూ గుయ్యిమని ఒకటే మోత వస్తాండాది, ఆగల్యా" అన్నాడు. వెల్లుల్లి కాచిన నూనె వేశాను. మర్నాడు తగ్గిందా అంటే తలూపాడు. ఆ ఊపుడు అవునో కాదో నేను తరచి అడగలేదు, తగ్గిందనే అనుకున్నాను.

ఆ తర్వాత మనిషి మారిపోయాడు. పొద్దున్నే మగ్గం గుంతలోకి దిగితే దీపాలు పెట్టే వేళయినా లేచేవాడు కాదు. వీధిలో అందరూ పనిమంతుడన్నారు. చలికాలంలో కూడా రాత్రంతా టేబుల్ ఫ్యాను తిరగాల్సిందే. నాకు చలి గిట్టదు, అందుకని చాపా దిండూ తీసుకుని వంటింట్లోకి మారాను. ఒకసారి ఖాళీ మిక్సీ తిప్పుతూ దొరికాడు. ఏందిది అంటే పనిచేస్తోందో లేదో చూస్తున్నానన్నాడు.

అన్నిటికన్నా ఘోరం సాయంత్రాలు. మగ్గం ఆపాడంటే చాలు, ఏదో ఒక వంక పట్టుకునేవాడు. అన్నంలో పోసుకున్న సారులో ఉప్పేదీ అంటాడు, ఉప్పు సరిగ్గానే ఉంటుంది. నా టవలు యాడ పెట్టినావే అంటాడు, టవలు భుజం మీదే ఉంటుంది. నేను ఊరుకునే రకం కాదు. అందుకున్నానంటే వాళ్ళ ముత్తాత దగ్గర మొదలుపెట్టి వరసగా వచ్చేదాన్ని. నేను అరుస్తున్నంతసేపూ ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ముద్దలు కలుపుకునేవాడు. అది చూస్తే నాకు ఇంకా మండేది. కయ్యానికి కాలు దువ్వినవాడికి కోపమైనా రావాలి కదా.

ఈ శ్రావణమాసంలో వరలక్ష్మి పూజ రోజు, పక్కింటి పార్వతమ్మ తాంబూలానికి వచ్చి కూర్చుని ఉండగా, పాయసంలో బెల్లమే వేయలేదన్నాడు. పార్వతమ్మ అదే పాయసం రెండోసారి పెట్టించుకుని తింటోంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజుతో నోరు కట్టేసుకున్నాను. కంచం పెట్టేదాన్ని, నీళ్ళు పెట్టేదాన్ని, మాట మాత్రం లేదు. కొన్నాళ్ళు ఆయన రకరకాలుగా గిల్లి చూశాడు. ఆ తర్వాత తినగానే చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు. ఎక్కడికో చెప్పడు, నేను అడగను. పేకాట అనుకున్నాను.

మగ్గం మీదున్న చీర దిగగానే కదిరిలో మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోదామని, మళ్ళీ రాకూడదని తీర్మానం చేసుకున్నాను. ఈ మాట మా తమ్ముడు సాయినాథ్‌కు ఒక్కడికే ఫోనులో చెప్పాను. వాడు పెనుకొండలో కాపురముంటాడు, ఎర్రమంచి దగ్గర కార్ల సామాన్లు చేసే ఫ్యాక్టరీలో పని. సెలవు పెట్టి పరిగెత్తుకొచ్చి, బావను బయటికి తీసుకెళ్ళి మాట్లాడాడు. ఎంత గుచ్చి అడిగినా ఆయన నోట వచ్చింది చెవుల్లో మోత ఒక్కటే.

వారం తిరక్కుండా సాయినాథ్ ఒక కబురు తెచ్చాడు.

"అక్కా, హిందూపురంలో ఒక చెవి క్లినిక్కుకి కొత్త మిషను వచ్చిందంట. చెవులకు హెడ్‌ఫోన్లు పెడతారు, నాలిక మీద చిన్న బిళ్ళ పెడతారు. చెవిలో సద్దు వినపడతాంటే నాలిక మీద చిన్నగా జివ్వుమంటాదంట. అట్ల కొన్నాళ్ళు చేస్తే మోత తగ్గుతాదంట. కానీ అందరికీ ఇయ్యరు. పరీక్ష పెట్టి ఏరుకుంటారు."

పరీక్ష పెట్టి ఏరుకోవడమంటే మా వైపు అందరికీ తెలిసింది ఒకటే, ఫ్యాక్టరీ మెడికల్. ఎర్రమంచి చుట్టుపక్కల ఉద్యోగానికి వెళ్ళే ప్రతివాడికీ అంతకుముందు పాసైనవాడు నేర్పించి పంపుతాడు. నడుం నొప్పి ఉందా అంటే లేదనాలి, కళ్ళు మసకలా అంటే లేదనాలి. సాయినాథ్ కూడా దెబ్బతిన్న మోకాలు దాచిపెట్టి పాసైనవాడే. అదే గొప్పగా బావను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"బావా, ఏమడిగినా లేదనల్ల. నిద్ర పడతాందా అంటే బాగా పడతాండాది అను. కోపమొస్తాదా అంటే రాదను. నిటారుగా కూచో."

"అట్లే" అన్నాడు మా ఆయన, బడికెళ్ళే పిల్లవాడిలా శ్రద్ధగా.

తోడు ఎవరో ఒకరు రావాలన్నారు, సాయినాథ్‌కు షిఫ్టు ఉంది. అందుకని నేనే వెళ్ళాను. ధర్మవరంలో ప్యాసింజరెక్కి హిందూపురంలో దిగేదాకా మా మధ్య ఒక్క మాట లేదు. ఆయన దారి పొడవునా కిటికీ కడ్డీలకు చెవి ఆనించి కూర్చున్నాడు.

క్లినిక్కులో చెవులు చూసే మేడమ్ పేరు ఉమారాణి. తాపీ మనిషి. ఈ మిషను ఎవరికి పనికొస్తుందో ముందే విడమరిచి చెప్పింది. మోత కొన్ని నెలలుగా ఉండాలి. నాడి కొట్టుకున్నట్టు లయగా వచ్చే మోతకు ఇది కాదు, దానికి వేరే పరీక్షలున్నాయి. గుండెకు పేస్‌మేకర్ ఉండకూడదు, మూర్ఛలు ఉండకూడదు, నాలిక మీద పుండ్లు ఉండకూడదు, వినికిడి మరీ పోయి ఉండకూడదు. ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి వినికిడి చూసింది, నాలిక చాపమని చూసింది. వక్కాకు మానేసి చాలా కాలమైంది కాబట్టి అది శుభ్రంగానే ఉంది. ఒక్కొక్కటి దాటే కొద్దీ మా ఆయన ఇంకాస్త నిటారుగా కూర్చున్నాడు.

"ఇప్పుడు కొన్ని ప్రశ్నలు అడుగుతాను. జవాబులు ఆయనే చెప్పాలమ్మా, మీరు అందించకూడదు" అంది మేడమ్ నాతో. నేను మూతి బిగించుకునే ఉన్నాను.

"మోత వల్ల నిద్రకు ఇబ్బందిగా ఉందా?"

"లేదు మేడమ్. పండుకుంటే తెల్లారేదే."

"చికాకు, కోపం లాంటివి?"

"నాకు కోపమే రాదు."

నాకు దగ్గొచ్చింది.

"ఇంట్లోవాళ్ళతో కలిసి ఉండడానికి ఏమైనా కష్టంగా ఉందా?"

"లేదు మేడమ్. మా ఇంట్లో అందరం బాగుండాము."

మిగతావి ఎట్లా ఉన్నా, ఆ జవాబు నాకు చుర్రుమంది. గోడకున్న చెవి బొమ్మ వైపు చూస్తూ కూర్చున్నాను.

అన్నీ అయ్యాక మేడమ్ పెన్ను పక్కన పెట్టింది. "ఆంజనేయులు గారూ, మీకు మోత ఉంది గానీ అది మిమ్మల్ని పెద్దగా బాధపెట్టడం లేదు. ఇంత తక్కువ ఇబ్బంది ఉన్నవాళ్ళకు ఈ మిషను ఇవ్వము. హాయిగా ఇంటికి వెళ్ళండి."

"ఫెయిలా మేడమ్?"

"ఫెయిలేముంది, మీరు బాగున్నారు."

"అన్నిటికీ లేదనే కదా చెప్పినాను" అన్నాడు. ఆయన మొహం అంతలా పాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఇక నా వల్ల కాలేదు. "మేడమ్, మా తమ్ముడు ఫ్యాక్టరీ మెడికల్ అనుకుని నేర్పించి పంపినాడు. ఈయన చెప్పిన దాంట్లో ఒక్కటీ నిజం కాదు" అన్నాను. బయట వరసలో కూర్చున్నవాళ్ళు కూడా తొంగి చూశారు.

మేడమ్ నవ్వలేదు. "ఇప్పుడు మళ్ళీ అడిగితే అన్నిటికీ అవునంటారు. అదీ నాకు పనికిరాదమ్మా" అంది. కాసేపు ఆలోచించి ఆయన వైపు తిరిగింది. "అవునూ కాదూ వదిలేయండి. ఆ మోతతో రోజు ఎట్లా గడుపుతున్నారో, ఏమేం చేస్తున్నారో అది చెప్పండి."

ఆయన నా వైపు చూశాడు. "నువ్వు కొంచేపు బయట కూచోపో" అన్నాడు. నేను కదల్లేదు. అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు, ఈయన నోరు తెరవకపోతే మేడమ్ మాత్రం ఏం చేస్తుంది? అదైనా దగ్గరుండి చూద్దామనుకున్నాను.

"మగ్గం ఆడతాంటే ఆ సద్దులో మోత తెలీదు మేడమ్. అందుకే దిగను. వీధిలో వాళ్ళు పనిమంతుడంటారు, అదేం కాదు. ఫ్యాను కూడా గాలికి కాదు. సాయంత్రం మగ్గం ఆపేటప్పుడు నాకు భయమైతాది."

"అప్పుడేం చేస్తారు?"

తల వంచుకున్నాడు. "ఈమెతో కొట్లాట పెట్టుకుంటా."

"ఎందుకు?"

"ఈమె గొంతు పెద్దది మేడమ్. తిట్టేదానికి మొదలుపెడితే చెవిలో మోత అణిగిపోతాది. అంతసేపూ నాకు హాయిగా ఉంటాది, రెండు ముద్దలు ఎక్కువే తింటా. సారులో ఉప్పు ఎప్పుడూ సరిగ్గానే ఉండాది."

"మరి ఇప్పుడు?" అంది మేడమ్.

"శ్రావణం నుంచి ఈమె మాట్లాడల్యా. ఇంట్లో ఉండలేకుండా అయిపాయ. పవర్‌లూమ్ షెడ్డు బయట అరుగు మీద పోయి కూచుంటాండా, మిషన్లు ఆపేదాకా. ఈమె కదిరికి పోతాదని సాయి చెప్పినాడు. ఈమె లేకుండా ఆ ఇంట్లో నేను ఒక్క రాత్రి ఉండలేను. ఎట్లైనా పాస్ కావల్లని అన్నీ లేదన్నా."

నాకు ముందు కోపమే వచ్చింది. ఇన్నేళ్ళూ నేను గొంతు పోయేలా అరిస్తే, ఈయన నన్ను ఇంకో టేబుల్ ఫ్యానులా వాడుకుని సుఖంగా భోంచేశాడన్నమాట. కోపం వెనకే ఏడుపూ వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నాను. పేకాట అనుకున్నాను కదా, ఆ అరుగు మీద ఒక్కడూ కూర్చుని ఉండడం కళ్ళముందు కనిపించింది.

మేడమ్ ప్రశ్నలన్నీ మొదటినుంచీ మళ్ళీ అడిగింది. ఈసారి ఆయన ఆగి ఆగి చెప్పాడు. అన్నిటికీ అవుననలేదు. చదివేటప్పుడు ఇబ్బందా అంటే, "నేను చదివేదే లేదు మేడమ్" అన్నాడు. చివరికి మిషను ఇవ్వచ్చని తేల్చింది. దీంతో మోత పూర్తిగా పోతుందనుకోవద్దని, కొందరికి తగ్గుతుంది కొందరికి తగ్గదని, వారాల తరబడి రోజూ పెట్టుకోవాలని చెప్పింది. వచ్చే వారం రమ్మంది.

"అంతదాకా ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంచకండమ్మా. రేడియో ఏదైనా పెట్టుకోండి" అంది నాతో.

మధ్యాహ్నం రైల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. అన్ని నెలలు మూసుకున్న నోరు ఎట్లా తెరవాలో నాకు తెలియలేదు. ఏమడిగినా ఏడుపొచ్చేలా ఉంది. ఊరికే చిత్రాన్నం డబ్బా తీసి ఆయన చేతికిచ్చాను. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నా మొహంలోకి చూసి, భయం భయంగా అన్నాడు.

"ఉప్పు తక్కువైనట్టుండాదే."

నేనూ ఒక మెతుకు నోట్లో వేసుకున్నాను. ఉప్పు సరిగ్గా ఉంది.

"ఉప్పు తక్కువా? నీ నాలికకు మిషను పెట్టకముందే తిమ్మిరెక్కిందా?" అని మొదలుపెట్టాను. "నోరు తెరిచి ఒక్క మాట చెప్పింటే నేను కదిరికి పోతాననేదాన్నా? వరలక్ష్మి పూజ నాడే దొరికిందా నీకు, పార్వతమ్మ ముందర?" ఇక ఆగలేదు. పెట్టెలో జనం తిరిగి చూస్తున్నారు. ఆయన ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

పెనుకొండ ప్లాట్‌ఫారం మీద సాయినాథ్ షిఫ్టు దిగి వచ్చి కాచుకుని ఉన్నాడు. రైలు ఆగకముందే నా గొంతు విన్నట్టున్నాడు, మొహం వేలాడేసుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఏమక్కా, బావ ఫెయిలా?"

"పాసైనాడు, నువ్వు పో" అని వాడిని పంపేసి, ఆపిన చోటి నుంచి మళ్ళీ అందుకున్నాను.