ఈసారికి నడుస్తుంది

బీన్స్ ఈనెలు తీస్తున్నాను. మా అబ్బాయి తన గది గుమ్మంలో నిలబడి, చొక్కా ఒకటి గాల్లో ఊపుతూ, "అమ్మా, ఖాళీగానే ఉన్నావు కదా, ఈ బొత్తాం కాస్త కుట్టి పెట్టవూ?" అన్నాడు.

ఒళ్ళో పళ్ళెం, పక్కన బుట్టెడు బీన్స్. ఒక చెవి పొయ్యి మీది కుక్కర్ దగ్గర, రెండో చెవి బట్టల మిషన్ దగ్గర. ఆ మిషన్ ఆఖరి తిరుగుడు తిరుగుతోంది, ఆగిన వెంటనే తీసి ఆరెయ్యకపోతే అన్నీ ముడతలే. ఇదీ నా ఖాళీ. అయినా, "అక్కడ పెట్టి వెళ్ళు నాన్నా" అన్నాను. నేను అనలేదు, నా నోరు అంది. ఆ అలవాటు మా అమ్మ నోట్లోంచి నేరుగా నా నోట్లోకి వచ్చిపడింది, మధ్యలో నన్నెవరూ అడగలేదు.

బల్లకి ఆ చివర కంప్యూటర్ ముందు కూర్చున్న మా కోడలు తలెత్తకుండానే, "అత్తయ్యా, మీరు ఖాళీ అయితే నేను మహారాణిని" అంది.

మా కోడలి ఆఫీసు ఈ భోజనాల బల్లే. అబ్బాయి కొన్ని రోజులు ఆఫీసుకి వెళ్తాడు, ఇంటి నుంచి పనిచేసే రోజులకి తలుపున్న గది ఉంది. "నాకు ఫోన్లు ఎక్కువమ్మా" అంటాడు. కోడలికీ ఫోన్లు వస్తాయి, కాకపోతే తను కుక్కర్ కూతల మధ్య మాట్లాడటం నేర్చుకుంది. భోజనాల వేళకి కంప్యూటర్ మూసి ఫ్రిజ్ మీద పెడుతుంది, గిన్నెలు తీసి బల్ల తుడిచాక మళ్ళీ దించుకుంటుంది. ఇంట్లో ఎవరికీ అది వింతగా అనిపించలేదు. నాకూ అనిపించలేదు, అబద్ధమెందుకు.

నిజానికి ఆ రోజు నా మనసు బీన్స్ మీదా లేదు, బొత్తాం మీదా లేదు. మా వీధి చివరి ఈతకొలను గేటుకి ఒక బోర్డు కట్టారు. పెద్ద వయసు ఆడవాళ్ళకి ఈత నేర్పుతారట, వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి, రోజూ పొద్దున్నే ఏడింటికి. కూడబలుక్కుని చదివి, అనుమానం తీరక కాపలా మనిషిని అడిగితే, "నిజమే మామ్మగారూ, మీలాంటివాళ్ళకే" అన్నాడు. చిన్నప్పుడు మా ఇంటి వెనక కాలువలో అన్నయ్యలు ఈదుతుంటే నేను గట్టు మీద వాళ్ళ బట్టలకి కాపలా కూర్చునేదాన్ని. తడి తలలతో నవ్వుకుంటూ బయటికొస్తే తుండు అందించేదాన్ని. పెళ్ళయ్యాక ఆ ముచ్చట మా ఆయనతో చెబితే, "నీకు నీళ్ళు కావాలా? అంట్ల దగ్గర చాలట్లేదా?" అని పడీపడీ నవ్వారు. మంచివారే, పాపం. తనకి హాస్యం వచ్చనుకునేవారు.

ముందురోజు భోజనాల దగ్గర ఆ ఈత సంగతి ఎత్తాను. అబ్బాయి చెంచా ఆపి, "ఇప్పుడేంటమ్మా, ఈ వయసులో? పైగా ఏడింటికంటే పొద్దున్న బాక్సులూ అవీ..." అని మిగతా మాట మింగేశాడు. ఆ మింగిన దాంట్లోనే ఉంది సంగతంతా. అబ్బాయి బాక్సు, కోడలి టీ, మనవరాలి జడలు, దాన్ని బడి బస్సు ఎక్కించడం. నేను లేకపోతే మా ఇంట్లో ఆ గంట గడవదు. కోడలు నావంక చూసి ఏదో అనబోయింది, అంతలో తన ఫోన్ మోగింది.

అందుకే కాస్త మాట మళ్ళించుకుందామని, "ఏమే అమ్మాయ్, ఎన్నాళ్ళుగానో దాని మీదే తపస్సు చేస్తున్నావు, ఏంటది?" అని అడిగాను.

"బోర్డులు తిరగరాస్తున్నా అత్తయ్యా."

మా కోడలితో సుఖం ఏంటంటే, అడిగితే చెబుతుంది, నీకు అర్థం కాదులే అనదు. ప్రోగ్రాములన్నీ అడిగి వాడుకునే లైబ్రరీ ఒకటి ఉంటుందట, సి అనే కంప్యూటర్ భాషలో రాసింది. పుస్తకాల లైబ్రరీ కాదు, పనుల లైబ్రరీ. ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌తో మాట్లాడాలంటే సాకెట్ అనేది తెరవాలట. అవతలివాళ్ళని పిలవడం, వాళ్ళు పిలిస్తే పలకడం, మాట అయ్యాక మూసెయ్యడం, ఇలా ఎన్నో పనులు. చేసేవాళ్ళు లోపల ఉంటారు. ఈ పనికి మీరేం తెచ్చివ్వాలి, మేం తిరిగి ఏమిస్తాం అని గుమ్మం బయట బోర్డు ఉంటుంది. దాన్నే డిక్లరేషన్ అంటారట.

"మరి ఆ బోర్డుకేమొచ్చింది?"

"ముసలిదైపోయింది. కొన్ని కొలతలు పాతకాలంవి. కొన్ని పనులైతే లోపల ఏళ్ళ తరబడి జరుగుతున్నాయి, బోర్డు మీద వాటి పేరే లేదు."

"పేరు లేకపోతే ఏం? పని జరుగుతోంది కదా."

"అక్కడే వస్తుంది చిక్కు. మేం రాసింది చదివి తనిఖీ చేసే కంపైలర్ అని ఒకటుంటుంది. పేరు కనపడకపోతే పాతకాలం కంపైలర్లు వాటంతటవే ఊహించేసుకుంటాయి. దీనికి ఏం పడేసినా తీసుకుంటుంది, తిరిగి ఇచ్చేది మాత్రం చిన్నదే అని. లోపలి పనేమో కడవెడు ఇస్తుంది. ఇవి గ్లాసు పడతాయి. మిగతాదంతా నేలపాలు."

నా చేతిలో బీన్ అలాగే ఉండిపోయింది.

మా అబ్బాయి చంకలో ఉన్న రోజుల్లో మా ఇంటికి జనాభా లెక్కలాయన వచ్చాడు. వరండాలో కుర్చీ వేసి మా ఆయనే అన్నీ చెబుతున్నారు. నేను పెరట్లో ఇంటిల్లిపాది బట్టలూ పిండుతున్నాను. "మీ ఆవిడగారు ఏం చేస్తారండీ?" "ఏమీ చెయ్యదు, ఇంట్లోనే ఉంటుంది." ఆయన రాసేసుకున్నాడు. అంతలో మా అత్తగారు పెరట్లోకి వినపడేలా కేకేసింది: "ఏమేవ్, ఏమీ చెయ్యని పిల్లా! లెక్కలాయనకి మంచినీళ్ళు పట్రా!" ఆవిడకి వెటకారం పాలు ఎక్కువ. కొడుకుని ఎత్తిపొడిచిందో, నన్ను ఎత్తిపొడిచిందో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను. తడి చేతుల్తోనే నీళ్ళు పట్టుకెళ్ళి ఇచ్చాను. ఆ లెక్కలాయన్ని తప్పుపట్టి ఏం లాభం? బోర్డు మీద లేని మనిషి గురించి అడిగినవాడు ఊహించుకోక ఏం చేస్తాడు?

కుక్కర్ కూసింది. లేచాను.

మధ్యాహ్నం కోడలికి పెద్ద మీటింగు. ఆ లైబ్రరీని మొదట్నుంచీ కాపు కాస్తున్న పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఆయన సరే అంటేనే తను రాసింది అందులో కలుస్తుంది, లేకపోతే ఇన్నాళ్ళ పనీ బూడిదలో పోసిన పన్నీరే. నేను సోఫాలో బట్టలు మడతపెడుతూ వింటున్నాను. తెర మీద చిన్నచిన్న గళ్ళలో మొహాలు.

"చాలా ఓపిగ్గా చేశావమ్మా" అన్నాడాయన. "కానీ ఇన్నేళ్ళు నడిచింది కదా. కావాల్సినవాళ్ళు ఎవరికి వాళ్ళు రాసుకుంటూనే ఉన్నారు. ఇదంతా ఇంటి పని లాంటిది. తీరిక చూసుకుని ఎప్పుడో చేద్దాం."

గళ్ళలో మొహాలు నవ్వాయి. మంచినీళ్ళకని బయటికొచ్చిన మా అబ్బాయి ఆ మాట విని, తెరలో పడకుండా వంగి, "పెద్దాయనతో ఎందుకు, సర్దుకుపోరాదూ" అని పెళ్ళాం చెవిలో చెప్పి, గ్లాసు సింకులో పడేసి వెళ్ళిపోయాడు. కోడలి చెవులు ఎర్రబడ్డాయి. నాకు తెలుసు ఆ ఎరుపు. మామూలుగా దాని వెనకాలే "సరేనండీ" అనే మాట వస్తుంది.

రాలేదు.

"ఇంటి పనే సార్, అందుకే వాయిదా వెయ్యకూడదంటున్నా" అంది. "ఎవరికి వాళ్ళు రాసుకుంటున్నారన్నారు. ఒక్కొక్కళ్ళు ఒక్కోలా రాస్తున్నారు, సగం తప్పులు. పోయిన వర్షాకాలంలో, మన లైబ్రరీ వాడే, వానని కొలిచే పెట్టెలు ఉన్నట్టుండి ఆగిపోతున్నాయని అందరం తల పట్టుకున్నాం, గుర్తుందా? అది ఇదే. లోపలి పని మొత్తం చిరునామా ఇచ్చింది. బోర్డు లేదు కాబట్టి ఆ పెట్టెలవాళ్ళ కంపైలర్ సగం కోసేసుకుంది. పెట్టె ఆ సగం పట్టుకుని పోయి గోడకి గుద్దుకుంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"అది సరే. మరి పాత పద్ధతికి అలవాటుపడ్డవాళ్ళ సంగతి? వాళ్ళవి విరిగితే తిట్లు తినేది నేను."

"విరగవు సార్. పాతదాన్ని ఇప్పుడే తీసెయ్యట్లేదు. ఈసారికి నడుస్తుంది. కాకపోతే వాడిన ప్రతిసారీ కంపైలర్ హెచ్చరిస్తుంది, లైబ్రరీ వచ్చే వెర్షన్ నుంచి ఇది ఉండదు, కొత్త పద్ధతికి మారండి అని. ఆ తర్వాత విరిగితే చెప్పలేదని అనడానికి ఉండదు."

పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. "హెచ్చరికలో తారీఖు కూడా వెయ్యి. తారీఖు లేని హెచ్చరిక ఎవడూ నమ్మడు" అన్నాడు. అని, "కలిపెయ్యమ్మా" అన్నాడు.

కంప్యూటర్ మూశాక కోడలు నా పక్కన కూలబడి, ఒక దుప్పటి కొస అందుకుంది. ఇద్దరం మడతపెడుతూ, "అంత తప్పుల తడక అయితే, పీకి పారెయ్యక ఈ మర్యాదలెందుకే?" అన్నాను.

"దాని మీద ఆధారపడ్డవాళ్ళు ఉంటారుగా అత్తయ్యా. ఒక్కసారి లాగేస్తే అందరివీ ఒకేసారి కూలతాయి, తిట్లన్నీ లాగినవాళ్ళకే. మా పనిలో పద్ధతి ఒకటే. చెప్పకుండా తియ్యం. చెప్పాక వెనక్కి తగ్గం."

ఆ మాట నాలో ఎక్కడో చతికిలబడి కూర్చుంది. పని ఆపడానికి మా ఇళ్ళలో ఆడవాళ్ళకి తెలిసిన దారి జ్వరం ఒక్కటే. మా అమ్మ అలాగే ఆపింది. మా అత్తగారు మంచం పట్టి ఆపింది. నేను ఒకే ఒక్కసారి, ఒళ్ళు మండి, చెప్పాపెట్టకుండా అన్నయ్య ఇంటికి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి మాడిన గిన్నెలన్నీ నాకోసం భద్రంగా దాచిపెట్టి ఉన్నాయి. ఇల్లు గుల్లయిందన్నారు, పిల్లాడు చిక్కిపోయాడన్నారు, తోముకుంటూ విన్నాను. చెయ్యడం, లేదా వెళ్ళిపోవడం. మధ్యలో ఇంకో మెట్టు ఉంటుందని, దాని మీద నిలబడి నిమ్మళంగా మాట్లాడొచ్చని నాకు ఎవరూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న అబ్బాయి, "అమ్మా, బాక్సు?" అన్నాడు.

"ఇదిగో. ఈసారికి నడుస్తుంది నాన్నా. ఒకటో తారీఖు నుంచి నేను సర్దను."

"ఆఁ ఆఁ" అన్నాడు ఫోన్ చూసుకుంటూ.

బొత్తాం కుట్టిన చొక్కా చేతికిస్తూ అదే మాట అన్నాను. సాక్సులు వెతికిపెడుతూ అన్నాను. కోపం లేదు, కన్నీళ్ళు లేవు, గిన్నెల చప్పుడు లేదు. అడిగింది చేస్తాను, తారీఖు చెబుతాను. మనవరాలు మొదటి హెచ్చరికకే అద్దం ముందు కూర్చుని జడ అల్లుకుంది. ఒకటి చెవి దగ్గర, ఒకటి మెడ దగ్గర వచ్చాయి. "రేపు ఇంకా బాగొస్తుంది మామ్మా" అని అలాగే బస్సెక్కింది.

కోడలు టీ అడిగినప్పుడు కప్పు అందించి, "ఈసారికి నడుస్తుంది" అన్నాను.

తను ఉలిక్కిపడింది. "నాక్కూడానా అత్తయ్యా?"

"అడిగిన మనిషి మొహం చూసి మీ కంపైలర్ హెచ్చరిక మానేస్తుందా?"

నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. కప్పు బల్ల మీద పెట్టి, "మీరక్కడ నిలబడబట్టే నేనిక్కడ కూర్చోగలుగుతున్నాను కదూ" అంది.

"ఆ సంగతి నేనూ గమనిస్తూనే ఉన్నానే" అన్నాను.

మర్నాటి నుంచి టీ తనే పెట్టింది, నాకూ ఒక కప్పు ఇచ్చింది. పంచదార పాకంలా ఉంది. వంక పెట్టకుండా తాగాను. వంక పెడితే పని మళ్ళీ నా చేతికే వస్తుందని నాకు బాగా తెలుసు. ఆ వారమే నన్ను బజారుకి తీసుకెళ్ళి మోకాళ్ళ దాకా వచ్చే ఈత బట్టలు కొనిపెట్టింది. కొట్టు అద్దంలో చూసుకుని నన్ను నేనే గుర్తుపట్టలేదు. బాగానే ఉన్నాను.

అబ్బాయి దగ్గర మాత్రం చెవిటివాడి ముందు శంఖం. ఒకరోజు వంటింట్లోకి వినపడకుండా అనుకుని పెళ్ళాంతో అంటున్నాడు: "అమ్మ రికార్డు వేసినట్టు అదే మాట అంటోంది. డాక్టర్‌కి చూపిద్దామా?"

"ఏమంటోందో విన్నావా?"

"ఒకటో తారీఖు అంటోంది, అంతే కదా."

"అంతే" అంది కోడలు.

ఒకటో తారీఖు వచ్చింది. ఎప్పటిలాగే లేచాను. పొయ్యి దగ్గరికి వెళ్ళేసరికి చెయ్యి దానంతటదే లైటర్ మీదికి పోయింది. వెనక్కి తీసుకుని, సంచీ సర్దుకున్నాను. కోడలు మనవరాలికి బూట్లు తొడిగిస్తోంది. అబ్బాయి స్నానం చేసి తడి తలతో బయటికొచ్చాడు.

"అమ్మా, బాక్సేదీ?"

"ఇవాళ ఒకటో తారీఖు నాన్నా."

చల్లారిన పొయ్యి వంక చూశాడు, నా సంచీ వంక చూశాడు. "నువ్వు నిజంగానే... అమ్మా, నాకు టైమైపోతోంది, ఈ ఒక్కసారికీ..." అన్నాడు.

నా నోరు తెరుచుకుంది. అదే, మా అమ్మ నోరు. అక్కడ పెట్టి వెళ్ళు నాన్నా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపాను. కోడలు బూటు పట్టుకుని నావైపే చూస్తోంది, ఒక్క మాట సాయం రాలేదు. రాకూడదు కూడా. ఈ బోర్డు నేనే రాసుకోవాలి.

"ఇన్నాళ్ళూ చెబుతూనే ఉన్నాను, విన్నావు కూడా" అన్నాను.

"మరి ఇప్పుడు నేనేం చెయ్యను?"

పెద్దవాడు, గుమ్మానికి తల తగిలేంత ఎత్తు. రెండు చేతులూ పక్కన వేలాడేసుకుని నిలబడ్డాడు. జాలేసింది. జాలి వేరు, బాక్సు వేరు.

"ఫ్రిజ్‌లో బీన్స్ ఉన్నాయి, ఈనెలు తియ్యాలి" అన్నాను చెప్పులేసుకుంటూ. "నువ్వు ఖాళీగానే ఉన్నావు కదా, నాన్నా."

సంచీలో తుండు ఉందో లేదో ఒకసారి తడిమి చూసుకుని, మెట్లు దిగాను.