సున్నా మాస్టారి చెయ్యి

మా నాన్నను అందరూ సున్నా మాస్టారు అనేవారు. ఆయన బడిలో లెక్కలు చెప్పలేదు, షాపులకు బోర్డులు రాసేవాడు. పెన్సిలు గీత లేకుండా, దారం పట్టకుండా బ్రష్షు ఒక్కసారి తిప్పితే చాలు, సున్నా నిండుగా చుట్టుకునేది. మొదలెక్కడో చివరెక్కడో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. మన అక్షరాల్లో సగం సున్నాలే కాబట్టి, సగం పని అక్కడే తెమిలిపోయేదనేవాడు.

ఆ చెయ్యి సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పొద్దున లేవగానే అది చొక్కా గుండీ కూడా పెట్టుకోలేకపోయేది. మొదటి గ్లాసు లోపల పడ్డాక బండరాయిలా నిలబడేది. మధ్యాహ్నం దాటి మరికొంత పడితే అక్షరం బోర్డు దిగి గోడెక్కేది. ఆ రెంటి మధ్యనున్న కాస్త సమయం మీదే మా ఇల్లు నడిచింది. అందుకని మొదటి గ్లాసు అమ్మే కొలిచి పోసేది. నేను చిందకుండా పట్టుకెళ్ళి ఇచ్చేదాన్ని. పక్కింటి పిల్లలు వాళ్ళ నాన్నలకు టీ పట్టుకెళ్ళినట్టే, నేనూ అది పట్టుకెళ్ళేదాన్ని. తక్కిన సీసాల కోసం అమ్మ ఇల్లు పీకి పందిరేసేది, దొరికినవి దొరికినట్టు తూములో వంపేసేది. మొదటి గ్లాసును మాత్రం బ్రష్షులతో, డబ్బాలతో పాటు పనిముట్లలో కలిపేసింది.

నాన్న అక్షరాల అంచులు గీసేవాడు. లోపల రంగు నింపడం నా పని. పీట ఎక్కితే గాని బోర్డు అందని వయసులోనే అంచు దాటకుండా నింపడం నేర్చుకున్నాను. మా ఇంట్లో అంచు దాటనిది అదొక్కటే.

సాయంత్రాలు వేరే సంగతి. అడిగితే చెబుతాను, ఏడుస్తూ మాత్రం చెప్పను. ఒకసారి బళ్ళో నాకు వ్యాసరచనలో బహుమతి ఇస్తుంటే, వెనక వరసలోంచి లేచి "అది నా కూతురు" అని అరిచి, కుర్చీలతో సహా కూలబడ్డాడు. హాలు హాలంతా నవ్వింది. నేను బహుమతి పుచ్చుకుని, దిగి నడిచి వెళ్ళి, ఆయన్ను లేపి ఇంటికి తీసుకొచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను గాని తల మాత్రం దించలేదు. నేను తల దించుకుని నడిస్తే ఆయనకు దారి ఎవరు చూస్తారు?

నాకు పెళ్ళీడు వచ్చేసరికి ఆయన కాలేయం మొరాయించింది. డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు, ఇంక చుక్క పడినా బతకవని. నాన్న మానేశాడు. ఒళ్ళంతా చెమటలతో, పళ్ళు టకటకలాడే వణుకుతో, ఇంట్లో అందర్నీ తిట్టుకుంటూ మానేశాడు. దానితో పాటు బ్రష్షూ పక్కన పెట్టేశాడు. ఇంటికి ఆనుకుని ఉన్న కొట్టు నా చేతికొచ్చింది. నా గీత తిన్నగానే ఉంటుంది, అనుమానముంటే స్కేలు పెట్టి చూసుకోవచ్చు. కాకపోతే నాది దారం పట్టుకుని గీసిన గీత, ఆయనది ఒట్టి చేతి గీత. ఆ తేడా నాకూ తెలుసు.

కొత్తగా ఆసుపత్రి తెరుస్తున్న కళ్ళ డాక్టరుకూ తెలుసు.

"నీ పని బాగుంటుందమ్మా, కాదనను," అన్నాడు కొట్టుకొచ్చి. "కానీ మా నాన్నగారి షాపు బోర్డు మాస్టారే రాశారు. నాదీ ఆయన చేత్తోనే ఉండాలని కోరిక."

ఆయనకి ఒంట్లో బాగుండటం లేదని చెప్పబోయాను. ఈలోగా లోపల్నుంచి నాన్న గొంతు వినిపించింది.

"రాస్తానండీ."

మర్నాడు ముందుగదిలో స్టాండు మీద బోర్డు నిలబెట్టాను. తెల్ల రంగు ముందే వేసి ఆరబెట్టి ఉంచాను. నాన్న బ్రష్షు ముంచి మొదటి అక్షరం మొదలుపెట్టాడు. అక్షరం చలేసినట్టు వణికింది. టర్పెంటైను గుడ్డతో తుడిచి మళ్ళీ రాశాడు. మళ్ళీ వణికింది. కుడిచేతి మణికట్టును ఎడమచేత్తో బిగించి పట్టుకుని రాశాడు. ఈసారి రెండు చేతులూ వణికాయి. ఇదివరకైతే బ్రష్షునూ, రంగు కంపెనీవాణ్ణీ, వాడి తాతనూ కలిపి తిట్టేవాడు. ఇప్పుడు బ్రష్షు పక్కన పెట్టి కుర్చీలో కూర్చున్నాడు.

"ఇది చెయ్యి కాదే," అన్నాడు. "వేలాడుతోంది, అంతే."

అప్పుడు అమ్మ వంటింట్లోంచి వచ్చింది. చేతిలో స్టీలు గ్లాసు ఉంది. అందులో ఏముందో గుమ్మం దగ్గరే నా ముక్కు చెప్పేసింది.

"ఒక్క గుక్కండీ," అంది అమ్మ. "చెయ్యి నిలవడానికి, అంతే. నేనే కొలిచి పోశాను. బోర్డు అయిపోతే మళ్ళీ ముట్టొద్దు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీకేమన్నా మతి పోయిందా అమ్మా? డాక్టరేం చెప్పాడో మర్చిపోయావా?"

"నేనెందుకు మర్చిపోతానే? నువ్వు కొట్టులోకి వెళ్ళాక రోజూ చేతులకేసి చూసుకుని ఏడుస్తాడు. బతికుండి ఏం లాభం అంటాడు. వినేది నువ్వా, నేనా?"

ఆయన ఏడుస్తాడని నాకు తెలియదు. అమ్మను కొట్టాలన్నంత కోపమూ వచ్చింది, పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. సీసాలన్నీ తూములో వంపిన మనిషి, ఒక్క సీసా ఇన్నాళ్ళూ పాత గిన్నెల వెనక దాచి ఉంచింది. అవసరానికి ఉంటుందని.

నాన్న గ్లాసు కేసి చూశాడు. ఆ గుక్క మింగితే సున్నా నిండుగా వస్తుందని మా ముగ్గురికీ తెలుసు. ఆ గుక్కతో ఆగదనీ మా ముగ్గురికీ తెలుసు. లాక్కుని పారబోద్దామనుకున్నాను. కానీ ఇవాళ నేను లాక్కుంటే రేపు ఎవరు లాక్కుంటారు? అందుకని బ్రష్షు రంగులో ముంచి, డబ్బా అంచుకు రాసి, ఆయన ముందు పట్టుకున్నాను.

"వంకరగానే రాయి నాన్నా."

"నవ్వుతారే."

"నవ్వనీ. మనల్ని చూసి నవ్వడం వాళ్ళకి కొత్తా, పడటం మనకి కొత్తా? అయినా కళ్ళాసుపత్రి బోర్డేగా! అక్షరాలు వంకరని ఎవడూ అనుకోడు. తన కళ్ళే దెబ్బతిన్నాయనుకుని లోపలికెళ్తాడు. డాక్టరు మనకి దణ్ణం పెట్టాలి."

నాన్న నవ్వాడు. ముక్కుతో మొదలై దగ్గుతో ముగిసే నవ్వు. ఆ దగ్గు ఆగకముందే చెయ్యి చాపి బ్రష్షు అందుకున్నాడు.

అమ్మ కాసేపు గ్లాసుతో అలాగే నిలబడింది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆవిడకు తోచలేదు. కాసేపటికి వంటింట్లో కొళాయి చప్పుడు వినిపించింది, తర్వాత సీసా కడుగుతున్న చప్పుడు.

ఆయన గీస్తూ పోయాడు, నేను నింపుతూ పోయాను. వణికిన అంచు వెంట నా బ్రష్షు కూడా వణకాల్సి వచ్చింది. అక్కడక్కడ తిన్నగా సర్దేయొచ్చు. సర్దలేదు.

ఎండ తగ్గాక కళ్ళ డాక్టరు వచ్చాడు. బోర్డు చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"మాస్టారూ, ఏమనుకోకండి. దీన్ని గుమ్మానికి పెట్టలేను."

ఈ మాట విన్నాక నాన్న కాళ్ళు ఎటు నడుస్తాయోనని భయపడ్డాను. "రేపటికల్లా నేను రాసిస్తానండీ," అన్నాను గబగబా.

"మా అమ్మాయి బాగా రాస్తుంది, రాయించుకోండి," అన్నాడు నాన్న, వేళ్ళకంటిన రంగు గుడ్డతో తుడుచుకుంటూ. "ఇది నేనుంచుకుంటాను."

"ఊరంతా మీ బోర్డులేగా మాస్టారూ. ఉంచుకోవడానికి ఇదే దొరికిందా?"

"అవన్నీ గ్లాసు రాసినవండీ," అన్నాడు నాన్న. "నేను రాసింది ఇదొక్కటే."

మేకూ సుత్తీ కోసం అమ్మ అప్పటికే లోపలికి వెళ్ళింది.