పౌనే ఛే

డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో దానయ్యకు పేరు తెచ్చింది అతని సైకిలే. రైలు వ్యాగన్లు బాగుచేసే కార్ఖానాలో, వ్యాగన్ షాపులో రివెట్లు కొడుతూ ఇరవై ఏళ్ళు గడిపాడు. ఆదివారం వస్తే ఎదురుగాలి అయినా సరే, రాయపూర్ పొలిమేర దాటి పోయి వచ్చేవాడు. అందుకే తొంభై ఆరులో ఫోర్‌మన్ సాహూ ఈత, సైకిలు, పరుగు మూడూ కలిపిన పందేనికి జట్టు కడతానన్నప్పుడు మొదటి పేరు తనదే అనుకున్నాడు. పందెం పేరు చెప్పి చందాలు పోగుచేసి, పనిలో కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకు పెట్టుడుకాళ్ళు చేయించాలని సాహూ ఆలోచన. జట్టుకు నలుగురు కావాలి. ముగ్గురు కుదిరారు. నాలుగో చోటుకు దానయ్య మిగిలాడు, దానియేలూ మిగిలాడు.

దానియేలు భీమవరం వైపువాడు. అదే కార్ఖానా పెయింటు షాపులో చేరి ఎనిమిది నెలలు కాలేదు. కాలవగట్టున పెరిగినవాడు కాబట్టి, అతను కాలనీ చెరువులో దిగితే నీళ్ళకు కూడా తెలిసేది కాదు. దానయ్య దిగితే చెరువంతటికీ తెలిసేది. శ్రీకాకుళం మెట్టలో పుట్టినవాడు, మెడ దాటిన నీళ్ళను నమ్మడు.

ఈత సంగతి సరే. సైకిలు మీద కూడా దానియేలు వెనకాలే చక్రానికి చక్రం ఆనించినట్టు వచ్చేవాడు, ఆయాసం లేకుండా కబుర్లు చెబుతూ. ఆ కబుర్లే దానయ్యకు ఒళ్ళు మండించేవి.

ఇంట్లోనూ అదే గొడవ. "నల్లాకాడ అందరిదీ దానియేలు మాటే. సేపపిల్లనాగ ఈదుతాడట గదా," అంది భార్య అప్పలనరసమ్మ.

"సేపయితే పులుసెట్టు."

"ఏటి మావా, కుర్రోడి మీద కుళ్ళా?"

"కూడెట్టు."

శుక్రవారం నాడు సాహూ అందరినీ పిలిచి చెప్పాడు. ఆదివారం పౌనే ఛేకి చెరువుగట్టు. ఇద్దరిలో ఎవరు ముందు అవతలి గట్టు తాకి వస్తే వాళ్ళదే చోటు. రానివాడికి జట్టులోంచి ఛుట్టీ.

సైకిలు స్టాండు దగ్గర దానియేలు మెల్లగా పక్కకు వచ్చాడు. "అన్నయ్యగారూ, పౌనే ఛే అంటే ఆరూముప్పావే కదండీ?"

ఆరుకు పావు తక్కువైతే హిందీవాళ్ళు పౌనే ఛే అంటారు. తెలుగు చెవికి ఆరు వినబడుతుంది, ముప్పావు వినబడుతుంది, రెండూ కలిపేసుకుంటుంది. వచ్చిన కొత్తలో దానయ్యా అలాగే కలుపుకుని, గంట ఆలస్యంగా డ్యూటీకి పోయి, షాపంతా నవ్వుతుంటే తల వంచుకు నిలబడ్డాడు.

చెయినుకు నూనె వేస్తూ దానయ్య తలెత్తలేదు. "ఊఁ," అన్నాడు.

"మీరు లేకపోతే ఈ హిందీతో చచ్చేవాణ్ణండీ."

ఆదివారం దానియేలు రాలేదు. సాహూ రెండుసార్లు గడియారం చూసి, "చలో దానయ్యా, అకేలే," అన్నాడు. దానయ్య ఒక్కడే దిగాడు. కాళ్ళకు నేల అందినచోట నడిచాడు, అందనిచోట నీళ్ళు మింగాడు, ఎలాగో అవతలి గట్టు తాకి వచ్చాడు. సాహూ అతని పేరు రాసుకున్నాడు. సంతోషం వస్తుందని దానయ్య చూశాడు. చూపు మాత్రం రోడ్డు మీదే నిలిచింది.

ఆరున్నరకు దానియేలు వచ్చాడు. భుజాన తువ్వాలు. పావుగంట ముందే వచ్చానన్న ధీమా ముఖంలో.

"అరే భాయ్, పౌనే ఛే ఎప్పుడో దాటిపోయింది," అని సాహూ విడమరిచి చెప్పేసరికి గట్టంతా నవ్వింది.

దానియేలు దానయ్య వైపు చూశాడు. దానయ్య లుంగీ పిండుకుంటున్నాడు.

"నేనే తప్పుగా అనుకున్నాను సార్," అని దానియేలు తనూ నవ్వేశాడు.

వాడు నలుగురిలో నిలదీసి ఉంటే దానయ్య కూడా రెండు మాటలనేవాడు, లెక్క సరిపోయేది. ఇప్పుడు ఇందులోనూ వాడిదే పైచేయి.

పందేనికి ఇంకా మూడు వారాలున్నాయి. దానయ్య ఈత చూసి బెంగపడ్డ సాహూ, నేర్పే పని దానియేలుకే అప్పజెప్పాడు. మర్నాడు పొద్దున్నే చెరువులో దానయ్య పొట్ట కింద దానియేలు అరచెయ్యి.

నోట్లో నీళ్ళు ఉమ్మి, "పౌనే ఛే అంటే ఎంతో నాకు తెల్సురా," అన్నాడు దానయ్య.

"ఇరవయ్యేళ్ళ బట్టీ ఇక్కడుంటున్నారు, తెలీకపోద్దేటండీ. తల దించండి."

తల దించాడు. పాచినీళ్ళలో దానియేలు కాళ్ళు మసగ్గా కనబడ్డాయి, బురదలో కూడా జారకుండా. వాటిని చూసినా అతనికి కడుపుమంటే పుట్టింది.