పట్టుకోమని అడిగినవాడు

నేను ఒక ఇత్తడి ఈలను. ఎక్కడో పేరు తెలియని కార్ఖానాలో రేకు వంచి, అతుకు పెట్టి, నాలాంటి మరో వందమందితో కలిపి అట్టపెట్టెలో పోశారు. ఒంగోలు బజారులో నన్ను కొన్నది గుండ్లవరం బడి డ్రిల్లు మాస్టారు వీరరాఘవులు. ఊళ్ళో ఈల ఉన్నది ఆయన ఒక్కడికే. అందుకని చెడుగుడు పోటీలకు ఆయనే రెఫరీ.

గుండ్లవరానికీ ఏటిపాలేనికీ ఏటా పోటీ. గుండ్లవరం వరసగా మూడేళ్ళు ఓడింది. నాలుగో ఏడు పోటీ రేపనగా కూతకు పోయే మొనగాడు చీలమండ బెణికించుకున్నాడు. అప్పుడు మాస్టారు దేవదానం పేరెత్తాడు. దేవదానం పొగాకు బేళ్ళు మోసే మనిషి. ఊరు ముట్టుకోని మాదిగపేటవాడు. పెద్దలు చాలాసేపు గొణిగి ఒప్పుకున్నారు. మనసు మారి కాదు, ఓటమి ముదిరి. షరతులు మాత్రం పెట్టారు. ఎదుటి కూతగాణ్ణి ఆపడానికి జట్టంతా చేతులు పట్టుకుని గొలుసులా నిలబడతారు గదా, ఆ గొలుసులో దేవదానం చెయ్యి ఎవరూ పట్టుకోరు. మంచినీళ్ళు దోసిట్లో పోస్తారు.

తొలి కూతకే వింత జరిగింది. దేవదానం గీత దాటగానే ఏటిపాలెం వాళ్ళు ఏడుగురూ వెనక్కి తగ్గారు. అతను ఒక అడుగు వేస్తే వాళ్ళు రెండు వేశారు. మైల పడతామన్న భయంతో వెనక గీత కూడా దాటేశారు. గీత దాటితే అవుటే. ఎవరినీ ముట్టకుండానే దేవదానం ఏడుగురిని అవుట్ చేశాడు. ఇంత లాభసాటి ఆచారాన్ని ఇంట్లో పెట్టుకుని మూడేళ్ళు ఎందుకు ఓడామా అని మా మునసబు వాపోయాడు.

విరామంలో దేవదానం వచ్చి మాస్టారికి రెండడుగుల దూరంలో నిలబడ్డాడు.

"నన్ను పట్టుకోమనండి మాస్టారూ. చేలో పిట్టల్ని తోలినట్టుంది."

"పాయింట్లు వస్తున్నాయి గదరా, నీకేంటి బాధ?"

"పాయింట్లు ఊరివి. ఆట నాది గదండీ. పట్టుకునేవాడే లేకపోతే అది ఆటెట్టా అవుద్ది?"

మాస్టారు నన్ను చొక్కా అంచుకు తుడుచుకున్నాడు.

అవతల ఏటిపాలెం వాళ్ళు తర్జనభర్జన పడుతున్నారు. చేతులకు తువ్వాళ్ళు చుట్టుకుందామన్నాడొకడు. వాళ్ళ పెద్ద చెంచురామయ్య, ఊరి ఆచారాలన్నిటికీ కాపలా ఉన్న ముసలాయన, నోట్లో చుట్ట తీసి తీర్పు చెప్పాడు.

"ముట్టుకున్న మైల ఏట్లో మునిగితే పోద్ది. గుండ్లవరం మీద ఓడిన మైల ఏ నీళ్ళకి పోద్దిరా?"

శాస్త్రం అంత తేలిగ్గా వంగుతుందని నాకప్పుడే తెలిసింది. నన్ను చేసిన రేకు కూడా అంత సులువుగా వంగలేదు.

అయినా వాళ్ళకు చెయ్యి రాలేదు. వేడి గిన్నె దించినట్టు వేళ్ళ కొసలతో పట్టబోయారు, అతను జారిపోయాడు. ఇటు మావాళ్ళ గొలుసులో దేవదానం దగ్గర సందు అలాగే ఉంది. ఏటిపాలెం కూతగాళ్ళు ఆ సందులోంచే వచ్చి ముట్టుకుని, ఆ సందులోంచే వెళ్ళిపోయారు. ఏడుగురి ఆధిక్యం ఆ సందులోనే పోయింది.

చివరికి చెరి సమానం. కూత దేవదానానిది. అటు మిగిలినవాడు ఒక్క బసివిరెడ్డి, వాళ్ళ నాయకుడు. దేవదానం గీత దగ్గర ఆగి నెమ్మదిగా చెప్పాడు.

"అయ్యా, పట్టుకుంటే గెలుపు మీది. పారిపోతే మాది. ఏది కావాలో చూసుకోండి."

బసివిరెడ్డి మొహం కందిపోయింది. కూత దగ్గరికొచ్చినా కదల్లేదు. ఒక్క ఉదుటున వంగి, దేవదానం రెండు కాళ్ళూ వాటేసుకుని నేలన పడేశాడు. దేవదానం విడిపించుకోవడానికి నిజంగానే పెనుగులాడాడు. గీత జానెడు దూరంలో ఉండగా ఊపిరి తెగింది. మాస్టారు నన్ను ఊదలేక ఊదాడు.

గుండ్లవరం నాలుగోసారి ఓడింది. ఊరంతా దేవదానాన్ని తిట్టింది. అతను ఒంటి మీద మట్టి దులుపుకోకుండా, నవ్వుకుంటూ పేటకు నడిచాడు. బసివిరెడ్డి ఏట్లో మూడు మునకలు వేసి, ఒళ్ళు తుడుచుకుంటూ అడిగిన మొదటి మాట, "వాడు మళ్ళీ ఏడు వస్తాడా?" అని.

వచ్చాడు. ఆ ఏడు మావాళ్ళు గొలుసులో అతని చెయ్యి పట్టుకున్నారు, ఆట కాగానే ఏట్లో మునగొచ్చని చెంచురామయ్య చూపిన దారిలోనే. ఏటిపాలెం తమ పేట నుంచి ఇద్దరిని తెచ్చుకుంది. సమానత్వం మా వైపుకు కప్పు కోసం వచ్చింది. మంచినీళ్ళు మాత్రం మరో పదేళ్ళు దోసిట్లోనే పోశారు.

తర్వాత దేవదానం జిల్లా జట్టుకు ఆడాడు. మాస్టారు పోయేముందు నన్ను దేవదానం చేతిలో పెట్టాడు. ఇరవై ఏళ్ళు ఆయన ఊపిరితో మోగాను. ఆయన పోయాక నన్ను బడిలో గాజు బీరువాలో పెట్టారు. నా పక్కన ఆయన ఫోటో. దాని కింద మునసబు మనవడు రాయించిన అట్ట: "ఆటలో ఏనాడూ కులం చూడని గుండ్లవరం ముద్దుబిడ్డ. ఎన్నడూ ఎవరి చేతికీ చిక్కని వీరుడు."

మొదటి వాక్యానికి నేను ఊరుకుంటాను. ఊళ్ళన్నీ తమ గురించి అలాగే రాసుకుంటాయి. రెండోది కంటపడినప్పుడే ఊదేవాడి కోసం వెతుక్కుంటాను. బీరువాకు తాళం వేసి ఉంది.