సాయంత్రానికల్లా ఎండాలి

రెండు కట్టెలు తీసుకుని ఒకదానితో ఒకటి తట్టి, తల వంచి విన్నాడు టకటక మామ. దబ్. తడిగోడ మీద అరచేత్తో కొట్టినట్టుంది. ఇంకో జత తీశాడు. దబ్. దాన్ని మోకాలితో పక్కకి నెట్టి మరో జత తట్టాడు. పొద్దున్నే కట్టెల అడితి తలుపు తీయగానే ఆయన చేసే మొదటి పని ఇదే. ఎండిన కట్టె తట్టగానే టంగుమని నిజం చెప్పేస్తుంది. పచ్చి కట్టె మాత్రం నోటినిండా నీళ్ళు పోసుకున్న మనిషిలా లోలోపలే మూలుగుతుంది. నిన్న దిగిన లోడంతా మూలుగే.

వినీ వినీ ఆయన ఎడమచెవి ముందుకి వాలిపోయిందని అడితిలో చెప్పుకుంటారు. ఆ చెవి పుట్టుకతోనే అలా ఉంది, కానీ నిజం చెబితే కథకి రుచి ఉండదు కదా. చేతులు మాత్రం కట్టెల వల్లే అలా తయారయ్యాయి. వేళ్ళ కణుపులు కట్టె ముడుల్లా ఉబ్బాయి, అరచేతులు బెరడు కట్టాయి, కుడి బొటనవేలి గోరు ఎప్పుడో గొడ్డలికి అర్పణమైంది. పొట్టిమనిషి. మోకాళ్ళు కొంచెం వంచి నడుస్తాడు, నెత్తిన మోపు లేకపోయినా ఉన్నట్టే.

అడితి యజమానిని అందరూ అల్లుడు అంటారు. పాత యజమాని పోయాక కూతురితోపాటు అడితి కూడా ఆయనకే దక్కింది. జుట్టు నెరిసినా ఊళ్ళోవాళ్ళకి ఇంకా అల్లుడే. పెళ్ళైన కొత్తలో ఆయన అడితి చూడటానికి వచ్చి వంగి దండం పెడితే, దీవించబోయిన టకటక మామ చెయ్యి అలవాటుకొద్దీ ఆ తల మీద రెండుసార్లు తట్టిందట. "ఇంకా పచ్చే" అని నోరు జారాడట. ఆ రోజు నవ్వలేక కడుపు పట్టుకుని పరిగెత్తినవాళ్ళు తిరిగొచ్చేసరికి పొద్దు గుంకిందని ప్రతీతి. అల్లుడు మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు.

ముసురు పట్టి చాన్నాళ్ళయింది. ఎండు కట్టెల గుట్టలన్నీ అమ్ముడైపోయి, వాటి కింద వేసిన ఇటుకలు పళ్ళూడిన చిగుళ్ళలా బయటపడ్డాయి. అల్లుడు రేకుల కప్పు కింద నిలబడి ఆకాశాన్ని తిడుతున్నాడు. అంతలో గొడుగు ముడుచుకుంటూ ఒక ఆడమనిషి లోపలికి వచ్చింది.

టకటక మామ కూతురు. ఫ్యాక్టరీ కూలీలకి భోజనాలు వండే మెస్ నడుపుతోంది. తల్లి పోయాక తండ్రి గుమ్మం తొక్కలేదు, ఈ అడితి గేటూ దాటలేదు. కట్టెలు ఊరి ఆ చివరనుంచి తెప్పించుకునేది. అక్కడా ఎండువి అయిపోయినట్టున్నాయి.

"ఎండు కట్టెలున్నాయా అన్నా?" అని అల్లుణ్ణి అడిగింది. తండ్రి చేయి చాస్తే అందేంత దూరంలో ఉన్నాడు.

"లేకపోవడమేంటమ్మా, అడితి పెట్టింది ఎందుకు?" అన్నాడు అల్లుడు. "గ్యాసు పెట్టుకోలేదా ఇంకా?"

"అంతంత గుండిగలకి గ్యాసు ఎక్కడ చాలుద్ది? ఎండువే కావాలి. వంటగదికి ఉన్న ఒక్క కిటికీకి అడ్డంగా పక్కాయన గోడ లేపుకున్నాడు. పచ్చివి పెడితే పొగ పోయే దారి లేదు. ఇప్పటికే నాకు దగ్గు పట్టుకుంది."

ఆ మాటకి టకటక మామ చేతిలో కట్టె జారింది. "నేను చూస్తానమ్మా" అన్నాడు మెల్లగా.

"నువ్వు చూడబట్టే కదా నాన్నా అమ్మ అలా పోయింది" అందామె, ఇటు తిరక్కుండానే. "నీ నిజాయితీకి పేరు నీకొచ్చింది. పొగ అమ్మకొచ్చింది." గొడుగు విప్పి, అల్లుడితో, "సాయంత్రం బండి తెస్తా. ఒక్క కట్టె పొగ పెట్టినా లోడంతా తెచ్చి నీ గుమ్మంలో పోస్తా అన్నా. మళ్ళీ ఈ గేటు తొక్కను" అని వెళ్ళిపోయింది.

అడితిలో పాతకాలపు ఆనవాయితీ ఒకటుంది. పని ముగించి ఇంటికెళ్ళేటప్పుడు పనివాళ్ళు చేతుల్లో పట్టినన్ని కట్టెలు ఊరికే తీసుకెళ్ళొచ్చు. అమ్మకానికి పనికిరానివే తీసుకెళ్ళాలని దాని అర్థం. అందరూ పచ్చివాటి కింద రెండో మూడో ఎండువి దాచి తీసుకెళ్ళేవాళ్ళు. పాత యజమాని చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. టకటక మామ అలా కాదు. రోజూ ఒక్కో కట్టెనీ తట్టి, అందులో మరీ పచ్చివే ఏరుకుని వెళ్ళేవాడు. "అదీ మనిషంటే!" అని యజమాని పదిమందిలో మెచ్చుకుంటే, ఆ మెప్పు మోపు కన్నా బరువుగా మోసుకుంటూ ఇంటికి నడిచేవాడు. ఒకసారి ఆయన భార్య, "ఒక్క ఎండు పుల్ల తేకూడదటయ్యా, అంటించుకోవడానికి? నిజాయితీ దొరగారి చెయ్యి అరిగిపోద్దా?" అని నవ్వబోయింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. మర్నాడు ఆయన నిజంగానే ఒక ఎండు పుల్ల చేతిలోకి తీసుకున్నాడు. గేటుదాకా వచ్చాడు. వెనక్కి వెళ్ళి గుట్టమీద పెట్టేశాడు.

కూతురు గొడుగు వీధి మలుపు తిరగగానే అల్లుడు దగ్గరికొచ్చాడు. "ఏముంది మామా, ఎప్పటిలాగే కానిచ్చేద్దాం. చివర్లు నిప్పుల మీద చూపించు, పగుళ్ళిస్తాయి. పైన కాస్త బూడిద రాయి. మధ్యలో ఏముందో ఎవడు చూడొచ్చాడు?"

"పొయ్యి చూస్తుందండీ."

"పొయ్యికి నోరుందా?"

"ఉంది కాబట్టేగా పొగ వస్తోంది" అన్నాడు టకటక మామ. గొడ్డలి అందుకుని, "వేళ్ళంత సన్నగా చీల్చి బట్టీలో పెడతాను. సాయంత్రానికల్లా ఎండుతాయి" అన్నాడు.

అల్లుడు నెత్తి కొట్టుకున్నాడు. "నిజంగా ఎండబెడతావా? సగం బరువు గాల్లో కలిసిపోద్ది. మనం అమ్మేది కట్టెలనుకున్నావా? నీళ్ళు మామా, నీళ్ళు!"

"పోయిన బరువేదో నా కూలిలో పట్టుకోండి అల్లుడుగారూ."

"ముసలాడికి మతి పోయింది" అని గొణుక్కుంటూ అల్లుడు కాటా గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. పోనిమ్మని వదిలేశాడనుకోవడానికీ లేదు. ఆయనకి టకటక మామ అంటే కొంచెం భయం. ఎక్కడ మళ్ళీ తల తడతాడోనని.

ముందు బెరడు ఒలిచాడు. బెరడు కట్టెకి రైన్‌కోటు లాంటిది, లోపలి తడిని బయటికి పోనివ్వదు. తర్వాత చీల్చాడు. పచ్చి కట్టె చీలేటప్పుడు టప్పున విడిపోదు, నారలు సాగదీసుకుంటూ, వదల్లేక వదులుతుంది. కొత్తగా చీలిన చోటల్లా తెల్లగా, తడిగా మెరిసి, పాలవాసన వేసింది. ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయింది. మధ్యమధ్యలో ఆగి గొడ్డలి కామ మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. మళ్ళీ ఎత్తాడు.

అడితి వెనకాల ఉన్న బట్టీ అంటే పెద్ద గొప్పదేమీ కాదు. ఇటుక గోడల ఇరుకుగది, పైన రేకులు, ఒక గోడకి అవతల పొయ్యి. పొయ్యిలో రంపపు పొట్టు, బెరడు మండుతుంటే, నేలకింద వేసిన రేకుగొట్టంలోంచి ఆ వేడి గదంతా పాకుతుంది. లోపల పుల్లల్ని అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస పేర్చాలి, గాలి దూరేలా. అసలు కిటుకంతా తలుపు దగ్గరే ఉంది. మూసేస్తే పుల్లలు తమ నీళ్ళలో తామే ఉడుకుతాయి. బార్లా తెరిస్తే వేడంతా పోతుంది. ఆవిరి పోవాలి, వేడి ఉండాలి. అందుకని టకటక మామ తలుపుకీ గోడకీ మధ్య తన ఒంటినే సందుగా పెట్టి నిలబడ్డాడు. ఒక భుజం కాలుతోంది, రెండోది వానకి తడుస్తోంది.

కాసేపటికి, వేడిగోడ దగ్గరున్న పుల్లల చివర్లు నురగ కక్కడం మొదలైంది.

స్స్... ఆగింది. స్స్... ఆగింది.

తెల్లారుజామున భార్య పొయ్యి ఊదుతుంటే పక్కమీదికి వినపడిన ఆ చప్పుడు ఆయనకి కొత్త కాదు. ఊది, ఊపిరి చాలక ఆగి, మళ్ళీ వంగి ఊదడం. చచ్చినవాళ్ళు అర్ధరాత్రి వస్తారని జనం అంటారు. ఈయన భార్య పట్టపగలే వచ్చేది. బతికినన్నాళ్ళూ రాత్రి కాగానే ఒళ్ళు తెలియకుండా పడిపోయిన మనిషి, చచ్చాక మాత్రం నిద్ర చెడగొట్టుకుంటుందా? ఎక్కడ పచ్చి కట్టె మంట మీదికి చేరితే అక్కడ ఆవిడ. అందుకే ఆమె పోయిన దగ్గర్నుంచీ ఆయన ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. హోటల్లో తిని, చీకట్లో వచ్చి పడుకునేవాడు.

"ఇంకా పచ్చేనా?" అన్నట్టు అనిపించింది లోపల్నుంచి.

"పచ్చే" అన్నాడు.

"మరి ఊదనా?"

"వద్దు. నువ్వు ఊదకు. ఆ పక్కన కూర్చో."

స్స్... ఆగింది. దగ్గు లాంటిది ఒకటి పుల్లల మధ్యనుంచి టప్‌మని లేచింది. నారలు పగిలిన చప్పుడే, మరేం కాదు. ఆయన మాత్రం తలుపు వదిలి లోపలికి వెళ్ళాడు. వేడిగోడ దగ్గరివి తీసి ఇవతల పెట్టాలి, ఇవతలివి అటు పెట్టాలి. ఆ వేడికి కనురెప్పలు అంటుకుపోయాయి. ఒక్కో పుల్లనీ తిప్పుతుంటే ఆవిరి ముఖానికి కొట్టింది. అన్నేళ్ళూ ఇంట్లో పొయ్యి ముందు ఆమె ముఖం ఎలా ఉండేదో ఆయనకి తెలియదు. ఆయన ఇంటికి చేరేసరికి వంట అయిపోయి ఉండేది. కళ్ళు మాత్రం ఎర్రగా ఉండేవి. ఏడ్చిందేమో అనుకుని, ఎందుకని అడగాలంటే భయమేసి, అడగలేదు.

బయటికి వచ్చాక ఛాతీ మీద ఎవరో మోపు పడేసినట్టయింది. గోడ పట్టుకుని నిలబడ్డాడు. నవ్వొచ్చిందో ఏమో, వేలు మడిచి రొమ్ము ఎముక మీద తట్టుకుని విన్నాడు. దబ్. "నీకింకా టైముందిలే" అని తనకి తానే చెప్పుకుని మళ్ళీ లోపలికి వెళ్ళాడు. అలా ఎన్నిసార్లు వెళ్ళాడో కాటా గదిలోంచి చూస్తున్న అల్లుడికి లెక్క తెలియలేదు.

"అన్నం తిన్నావా మామా?" అని ఓసారి కేకేశాడు.

"ఇవి తిననిస్తేగా!"

"కాసేపు తలుపు నేను పట్టుకోనా?"

టకటక మామ ఆశ్చర్యంగా చూశాడు. "మీరు పట్టుకుంటే ఉడుకుతాయండీ" అన్నాడు. ఆ మాట అన్నాడే గానీ, గొంతులో వెటకారం లేదు.

పొద్దు వాలుతుండగా వాన తగ్గింది. పొయ్యి ఆపేసి, తలుపు బార్లా తీశాడు. పుల్లలు మోపులు మోపులుగా బయటికి తెచ్చి, రేకుల కింద కూర్చుని, ఒక్కొక్కటే తట్టాడు. టంగ్. టంగ్. ఒకటి దబ్‌మంటే విసిరి దూరంగా పారేశాడు. వీధిలో పోయేవాళ్ళు ఏదో వాయిద్యం అనుకుని ఆగారు. అల్లుడు వచ్చి తనే ఒక జత తీసి తట్టి, మళ్ళీ తట్టి, "నిజంగానే ఎండాయి!" అన్నాడు, అడితి యజమానై ఉండి కూడా, ఎండిన కట్టెని మొదటిసారి చూసినవాడిలా.

"మీరు చెప్పేదాకా నాకు తెలీనే లేదండీ" అన్నాడు టకటక మామ.

అల్లుడు నవ్వేశాడు. కాటా వెయ్యలేదు. "పోనీలే" అని టార్పాలిన్ తెచ్చి తనే కుప్ప మీద కప్పాడు.

టకటక మామ ఆ కుప్పకి ఆనుకుని నేలమీద కూర్చున్నాడు. చెవి అటు పెట్టి విన్నాడు. స్స్ అనే చప్పుడు లేదు. ఊపిరాపి విన్నాడు. ఏమీ లేదు. "ఏమే?" అని పిలిచి చూశాడు. ఆవిడ ఎప్పుడు లేచి వెళ్ళిందో, చెప్పి కూడా వెళ్ళలేదు. టార్పాలిన్ కిందికి చెయ్యి దూర్చి, పుల్లల మధ్య వెచ్చగా పెట్టుకున్నాడు.

కూతురు బండి వేసుకుని వచ్చేసరికి అలాగే ఉన్నాడు.

"పెద్దాయన కునుకు తీస్తున్నట్టుంది" అన్నాడు బండి డ్రైవరు.

"నాన్నా, లే. లోడెత్తాలి" అందామె. లేవలేదు. ఏదో వింటున్నట్టు తల ఒక పక్కకి వాల్చి ఉన్నాడు. ఆమె వంగి, టార్పాలిన్ ఎత్తి, చెయ్యి పట్టుకుంది. వెచ్చగానే ఉంది. ఇంకో రెండుసార్లు పిలిచింది, కసిరింది, భుజం కుదిపింది. ఆ వెచ్చదనం కట్టెలదనీ మనిషిది కాదనీ తెలుసుకోవడానికి ఆమెకి చాలాసేపే పట్టింది.

చెయ్యాల్సినవన్నీ చేశారు. కట్టెల్ని మెస్ దాకా అల్లుడే తెచ్చి దించి, లోపలికి రాకుండా గుమ్మంలోంచే వెళ్ళిపోయాడు.

మెస్ మళ్ళీ తెరిచిన రోజు, ఇంకా తెల్లారకముందే ఆమె కిటికీ మూసుకుపోయిన ఆ వంటగదిలో కూర్చుంది. పుల్లలు పొయ్యిలో పేర్చి అంటించింది. అలవాటుగా కళ్ళు మూసుకుని, ముఖం పక్కకి తిప్పుకుని, పొగ కోసం కాచుకుంది. ఎంతసేపటికీ రాలేదు. కళ్ళు తెరిచి చూస్తే మంట గుండిగ అడుగుని అందుకుని నిటారుగా, చప్పుడు లేకుండా మండుతోంది. గదంతా ఆ వెలుగు పరుచుకుంది. ఆమె కదల్లేదు. దగ్గు రాలేదు. చెంపల మీద తడి మాత్రం ఆగలేదు, ఈసారి దాన్ని పొగ మీదికి నెట్టడానికి కూడా లేదు.

పొయ్యి పక్కన గోడకి ఆనించి, ఒకప్పుడు తల్లి వాడిన ఇనుప ఊదుగొట్టం ఉంది. నోరు పెట్టే చోట నున్నగా అరిగిపోయి, ఎవరి ఊపిరీ తగలక చల్లగా.