మధ్యలో కోసిన దుంగ

వరద తీసిన మర్నాడు స్ట్రాన్ రేవులో ఒకటే మాట: మెర్విన్ నక్క తోక తొక్కాడు! గోర్డన్ నది ఏనాడో మింగిన హ్యూవాన్ పైన్ అనే పడవ కలప దుంగ ఒకటి కొట్టుకొచ్చి, సరిగ్గా అతని పడవల షెడ్డు ముందే ఇసుకలో దిగబడింది. మొదలు వైపంతా ఇసుకలోనే ఉంది. బయటికి కనిపిస్తున్నదే అంత పొడుగుంటే మొత్తం ఎంతుంటుందోనని జనం నోళ్లు వెళ్లబెట్టారు.

కబురు అథోల్ ఇంటికి మోసుకొచ్చింది అతని భార్య ఐవీ. "ఏమయ్యోయ్, విన్నావా? నీ శిష్యుడి వాకిట్లోకి అదృష్టం ఈదుకుంటూ వచ్చిందట."

"శిష్యుడట, శిష్యుడు! ఏకై వచ్చి మేకైనవాడు," అన్నాడు అథోల్. టీ చల్లారిపోతున్నా ముట్టుకోలేదు.

అతని కడుపుమంటకు కారణం లేకపోలేదు. అథోల్ షెడ్డులో ఒక పడవ చట్రం ఏళ్ల తరబడి పలకల కోసం ఎదురుచూస్తోంది. ముక్కు నుంచి తోక దాకా అతుకన్నది లేకుండా, ఒక్కో వరసకు ఒక్కటే పలక వేసి, ఇదే నా చివరి పడవ అనుకుని ఉలి పక్కన పెట్టేయాలని అతని కోరిక. దానికి పొడుగు దుంగ కావాలి. ఏడాదికి గోరు మందం కూడా లావెక్కని చెట్టాయె, అడిగిన వెంటనే దొరుకుతుందా? చేతులేమో అప్పుడే వణుకుతున్నాయి. మెర్విన్‌కి చిత్రిక పట్టడం నేర్పింది ఈ చేతులే. వాడేమో రేవుకు అవతలి ఒడ్డున సొంత షెడ్డు పెట్టాడు, బేరాలన్నీ అటే పోయాయి. ఇప్పుడు దుంగ కూడా అటే! ఆ నదికైనా కళ్లుండొద్దూ?

అథోల్ తండ్రి సైలస్ ఆ నది ఒడ్డున చెట్లు కొట్టి, దుంగలు నీళ్లలో తేలించి తెచ్చి బతికాడు. తాను కొట్టిన వాటిలోకెల్లా పెద్ద దుంగను వరద ఎత్తుకుపోతే, "నది నాకో దుంగ బాకీ" అంటూనే కన్నుమూశాడు. ఆ తండ్రి కొడుకు ఇంట్లో కూర్చుని పరాయివాడి దుంగ గురించి వినాల్సొచ్చింది.

మధ్యాహ్నం మెర్విన్ స్వయంగా వచ్చి గుమ్మం దగ్గర టోపీ తీశాడు. వెంట డాక్టర్ హెస్టర్ ఉంది. హోబర్ట్ నుంచి వచ్చిన ఈవిడ హ్యూవాన్ పైన్ మీద పరిశోధన చేస్తోంది. చెట్టు ఎందుకంత నెమ్మదిగా పెరుగుతుంది, నీళ్లలో ఎన్నేళ్లున్నా ఎందుకు కుళ్లదు, దానిలోని నూనెకు పురుగెందుకు దూరంగా పోతుంది, ఇవీ ఆవిడ గొడవలు. రంపపు పొట్టు కనిపిస్తే చాలు, సీసాలో వేసుకుంటుంది.

"ఒకసారి వచ్చి చూడాలి, మేస్త్రీ గారూ," అన్నాడు మెర్విన్. "ఈవిడకు వయసు వలయాలు లెక్కపెట్టడానికి ఓ బిళ్ల కోసివ్వాలట. ఎక్కడ కోయాలో మీరు చెప్తేనే కోస్తాను, మేస్త్రీ గారూ."

"మొదలు దగ్గరైతే నాకు మంచిదండీ," అంది హెస్టర్. "చెట్టు వయసంతా అక్కడే ఉంటుంది. పైగా పలకలకు నష్టం ఉండదు."

"మొదలు బయటికి లాగితే ముద్ర ఉందో లేదో కూడా తెలిసిపోతుంది," అన్నాడు మెర్విన్. ఆ నది మీద ఎప్పట్నుంచో ఒకటే న్యాయం. చెట్టు కొట్టినవాడు దుంగ మొదలు మీద తన గుర్తున్న సుత్తితో ముద్ర కొడతాడు. ఎవరి ముద్ర ఉంటే దుంగ వాళ్లది, వాళ్లు లేకపోతే వాళ్ల పిల్లలది. ముద్ర లేకపోతే దొరికినవాడిది. "కానీ దీని బరువు లాగాలంటే సముద్రానికి పెద్ద పోటు వచ్చేదాకా ఆగాలి, మేస్త్రీ గారూ."

అథోల్ వెళ్లాడు. దుంగ చుట్టూ తిరిగాడు. బురద కింద గోరుతో గీకితే వెన్నలాంటి పసుపు, గుప్పున వాసన. ఎంత బాగుందో! అంత బాగుండటమే అతనికి కన్నుకుట్టింది. ఈ పలకలతో వీడు కట్టే పడవ రేవు దాటుతుంటే ఊరంతా ఒడ్డున నిలబడి చప్పట్లు కొడుతుంది. తను కిటికీలోంచి చూడాలి.

కొయ్యసుత్తి తీసుకుని దుంగ పొడుగునా కొడుతూ పోయాడు. ఖంగుమంటోంది, ఎక్కడా వంక లేదు. కంటి అంచనాకు దుంగ నడిమధ్య అనిపించిన చోట ఆగాడు.

"ఇక్కడ లోపల పగులుందిరా."

మెర్విన్ మొహం వాడిపోయింది. వంగి చెవి ఆనించాడు. "ఇక్కడా, మేస్త్రీ గారూ?"

"నేను చెప్తుంటే మళ్లీ అడుగుతావేం? ఈ దుంగలో పొడుగు పలక రాదు. బిళ్ల ఇక్కడే కోసుకోండి. రెండు ముక్కలైతే లాగడమూ తేలిక." ఎంత పాడు బుద్ధో చూడండి, ఆ మాటలంటుంటే అతని గొంతు తొణకనైనా లేదు.

ఇద్దరు లాగే రంపానికి ఒక పక్క మెర్విన్, ఇంకో పక్క అథోల్. ముక్కలు విడిపోయాయి. పగులు లేదు, మచ్చ లేదు. "కొయ్య ఒక్కోసారి మోసం చేస్తుంది," అని గొణిగాడు అథోల్. లోపల మాత్రం పొద్దుట్నుంచీ దిగని అన్నం దిగినట్టుంది.

బిళ్ల చేతికొచ్చినా హెస్టర్ ఆశ తీరలేదు. మొదలు కూడా చూస్తానంది. సగం బరువే కనుక పడవ ఇంజనుకు తాడు కట్టి లాగితే ఆ ముక్క ఇసుకలోంచి సులువుగానే వచ్చేసింది. ఆవిడ బ్రష్షుతో బురద రుద్దుతూ, "ఇదేదో కొట్టిన గుర్తులా ఉందే! గుర్రపు నాడా... నాడా మధ్యలో చుక్క," అంది.

మెర్విన్ దగ్గరగా వంగి కూర్చుని ఆ గుర్తు చూశాడు. ఆ ముద్ర సుత్తి అథోల్ షెడ్డు గుమ్మం పైన మేకుకు వేలాడుతుంటుంది. పని నేర్చుకునే రోజుల్లో దానికి నూనె రాసింది మెర్వినే.

"సైలస్ గారి ముద్ర," అన్నాడు. "ఇది మీదే, మేస్త్రీ గారూ."

"అయ్యో, ఎంత మంచి కబురు!" అంది హెస్టర్, ఏమీ తెలియక. "ఏ ఏడు కొట్టారో కూడా వలయాలు చూసి చెప్పగలనేమో."

అథోల్ ఆ ముద్రను తడిమాడు. ఏ ఏడో అతనికి తెలుసు. నది ఇన్నాళ్లకు తండ్రి బాకీ తీర్చింది, అతని చివరి పడవను తెచ్చి ఒడ్డున పెట్టింది. దాన్ని తానే రంపం పట్టి నరికాడు. ఏడుపు ముంచుకొచ్చింది.

మెర్విన్ లేచి, కోసిన చోటు పక్కన పిడికిలితో కొట్టి విన్నాడు. "నాకప్పుడూ పగులు వినపడలేదు, మేస్త్రీ గారూ. నా చెవిలోనే లోపమేమో అనుకున్నా. మీరన్నారు కదా అని కోశాను."

"పగుల్లేదురా," అన్నాడు అథోల్. "నీకు దొరికిందని ఓర్వలేకపోయాను. అంతే."

మెర్విన్ వంగి తాడు చుట్టడం మొదలుపెట్టాడు.

"రెండు ముక్కలూ తోలుకొస్తాను. ఎక్కడ దింపమంటారు?" అన్నాడు.

ఆ మాట వెనక రావాల్సిన "మేస్త్రీ గారూ" అన్న పిలుపు రాలేదు. అథోల్ దానికోసం ఆ ఇసుకలో అలాగే నిలబడ్డాడు.